టిక్ ఫీవర్ కిట్‌లో పాజిటివ్ వచ్చిన కుక్కకు తర్వాత ఏ పరీక్షలు అవసరం?

అంబత్తూరు నుంచి మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను, ఎందుకంటే జవాబంతా వాటి మీదే ఆధారపడి ఉంది. మీ లాబ్రడార్‌కు ఆరేళ్లు. ఐదు రోజులుగా తిండి తగ్గించి ఒక మూల పడుకుంటోంది. క్లినిక్‌లో చూసినప్పుడు జ్వరం 103.8 డిగ్రీలు ఉంది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 62,000, హిమోగ్లోబిన్ 10.8, కిడ్నీల పనితనాన్ని చూపే క్రియాటినిన్ 1.1, కాలేయ ఎంజైమ్ ఏఎల్‌పీ 310, థైరాయిడ్ హార్మోన్ టీ4 తక్కువ అని వచ్చాయి. రాపిడ్ కిట్‌లో ఎర్లీకియా గీత కనిపించింది, పిడుదుల ద్వారా సోకి టిక్ ఫీవర్ తెచ్చే క్రిమి అది. నిరుడు ఇదే జబ్బుకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు వాడారు. మూడు వారాల కిందట దురదకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించారు. ఈ రాత్రి నుంచే మళ్లీ డాక్సీసైక్లిన్ మొదలుపెడదామని అంటూ, డాక్టరుగారు క్రిముల డీఎన్ఏను వెతికే పీసీఆర్ ప్యానెల్, కడుపు స్కానింగ్, పూర్తి థైరాయిడ్ ప్రొఫైల్ కూడా రాశారు. ఇవన్నీ అవసరమా, కొన్నింటిని వీధి చివర ఉన్న మనుషుల ల్యాబ్‌లో చవకగా చేయించవచ్చా, ఇంట్లో ఉన్న పిల్లికి కూడా పరీక్ష చేయించాలా అన్నవి మీ సందేహాలు.

చాలా ఏళ్లుగా చెన్నైలో పెంపుడు జంతువుల రక్తపు స్లైడ్లు చూడటమే వృత్తిగా ఉన్నవాడిని కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక పరీక్ష చేయించాలా వద్దా అని తేల్చుకోవడానికి డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఫలితం ఇలా వస్తే ఏ మందు ఇస్తారు, అలా వస్తే ఏ మందు ఇస్తారు? రెండు సందర్భాల్లోనూ వైద్యం ఒకటే అయితే ఆ పరీక్షకు ఇప్పుడు తొందర లేదు. ఆ లెక్కన మీ కుక్కకు ఈ రోజే కావలసినవి మూడు: అనుభవమున్నవారు మైక్రోస్కోపు కింద చూసిన రక్తపు స్మియర్ (గాజు స్లైడు మీద పలచగా పరచిన రక్తపు పొర), మందు మొదటి మోతాదు పడకముందే తీసి ఉంచిన పీసీఆర్ శాంపిల్, మూత్ర పరీక్ష. స్కానింగ్ వారం రోజులు ఆగవచ్చు. థైరాయిడ్ ప్రొఫైల్ ఇప్పుడు చేయిస్తే డబ్బు వృథా కావడమే కాక, లేని జబ్బుకు జీవితాంతం మాత్రలు మింగించే ప్రమాదం కూడా ఉంది.

కిట్ విషయం ముందు చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది అక్కడే. క్లినిక్‌లో వాడే ఆ చిన్న కార్డు ఎర్లీకియా క్రిమిని వెతకదు. ఆ క్రిమికి ఎదురుగా శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. జబ్బు పూర్తిగా నయమైన తర్వాత కూడా ఈ యాంటీబాడీలు నెలల తరబడి, కొన్ని కుక్కల్లో ఏళ్ల తరబడి రక్తంలో ఉండిపోతాయి. నిరుడు టిక్ ఫీవర్ వచ్చి తగ్గిన కుక్కలో ఈ ఏడాది గీత కనిపించడం వింత కాదు. అది పాత జబ్బు జాడ కావచ్చు, కొత్త జబ్బు కావచ్చు, ఆ గీత ఒక్కదాన్ని చూసి ఎవరూ తేల్చలేరు. దీనికి రెండో వైపు కూడా ఉంది. జబ్బు సోకిన మొదటి వారం పది రోజుల్లో యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు కాబట్టి, ఒళ్లు కాలిపోతున్న కుక్కకు కూడా కిట్ నెగెటివ్ చూపవచ్చు. ఇంకొక మాట: కార్డును పెట్టె మీద రాసిన సమయంలోపే చదవాలి. ఆ సమయం దాటిన తర్వాత తేలిన మసక గీతను పాజిటివ్‌గా లెక్కపెట్టకూడదు. మీ కార్డు ఫోటో పెట్టారు గాని అది ఎన్ని నిమిషాలకు తీసిందో రాయలేదు.

పీసీఆర్ క్రిమి డీఎన్ఏనే వెతుకుతుంది కాబట్టి ప్రస్తుతం రక్తంలో క్రిమి ఉందా అన్న ప్రశ్నకు అదే దగ్గరి జవాబు. అయితే దానికి రెండు షరతులున్నాయి. డాక్సీసైక్లిన్ రెండు మూడు మోతాదులు పడ్డాక రక్తంలో క్రిమి సంఖ్య పడిపోయి ఫలితం నెగెటివ్ రావచ్చు, అందుకే శాంపిల్ మందుకు ముందే తీయాలి. అలాగని రిపోర్టు వచ్చేదాకా మందు ఆపడం మంచిది కాదు. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీయించి ఫ్రిజ్‌లో పెట్టించండి, మందు రాత్రే మొదలుపెట్టండి. ఈ విషయంలో మీ డాక్టరుగారి నిర్ణయం సరైనదే. రెండో షరతు ఏమిటంటే, జబ్బు ముదిరి దీర్ఘకాలికంగా మారిన కుక్కల్లో క్రిమి ప్లీహంలోనూ ఎముక మజ్జలోనూ దాగి ఉండి రక్తంలో దొరకకపోవచ్చు. కాబట్టి పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కొట్టిపారేయలేం.

మీ విషయంలో పీసీఆర్ చేయించమనడానికి అసలు కారణం ఎర్లీకియా కాదు, ఎర్రకణాల్లో చేరే బబీసియా అనే మరో క్రిమి. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ రెండూ తగ్గిన చెన్నై కుక్కలో ఆ క్రిమిలో ఒక రకమైన బబీసియా గిబ్సోనీ ఉందేమో చూడకుండా వదలకూడదు. ఈ రెండు జబ్బులనూ మోసేది పిడుదులే. గిబ్సోనీ అయితే కుక్కలు ఒకదాన్నొకటి కరచుకున్నప్పుడు కూడా సోకుతుంది. క్లినిక్‌లలో ఎక్కువగా వాడే నాలుగు జబ్బుల కాంబో కిట్‌లో గుండె పురుగు, లైమ్, ఎర్లీకియా, అనాప్లాస్మా ఉంటాయి గాని బబీసియా ఉండదు. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. ఎర్లీకియాకు ఇరవై ఎనిమిది రోజుల డాక్సీసైక్లిన్ సరిపోతుంది. గిబ్సోనీకి అది చాలదు, అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఇవ్వవలసి వస్తుంది, ఆ మొదటి మందు ఖరీదు ఎక్కువ. పెద్ద బబీసియాకు (పరిమాణంలో పెద్దవైన బబీసియా రకాలకు) వాడే ఇంజెక్షన్లు గిబ్సోనీ మీద అంత బాగా పనిచేయవు. పైగా స్టెరాయిడ్ పడినప్పుడు ఒంట్లో అణగి ఉన్న గిబ్సోనీ మళ్లీ తల ఎత్తవచ్చు, మీరు మూడు వారాల కిందటే ఆ ఇంజెక్షన్ వేయించారు. ఫలితాన్ని బట్టి మందు మారే పరీక్ష ఇది, కనుక దీనికి పెట్టే ఖర్చు దండగ కాదు. ప్యానెల్ రాయించేటప్పుడు అందులో బబీసియా గిబ్సోనీ విడిగా ఉందో లేదో ల్యాబువారిని అడిగి తెలుసుకోండి.

ఇక స్మియర్. పీసీఆర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పట్టవచ్చు; స్మియర్‌కు అరగంట చాలు, ఖర్చూ తక్కువే, అయినా నగరంలోని చాలా క్లినిక్‌లలో దాన్ని చిన్నచూపు చూస్తున్నారు. ఆటోమేటిక్ మిషన్ 62,000 అని ముద్రించిందంటే నిజంగా అన్నే ఉన్నాయని అర్థం కాదు. రక్తం తీసేటప్పుడు సూది రెండు మూడుసార్లు గుచ్చవలసి వచ్చినా, ట్యూబును వెంటనే మెల్లగా తిరగేసి కలపకపోయినా ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుపోతాయి, ఆ గుంపులను మిషన్ లెక్కించలేదు. స్లైడు మీద రక్తపు పొర పలచబడి ముగిసే అంచున చూస్తే ఆ గుంపులు ఇట్టే కనిపిస్తాయి. గుంపులు లేకపోతే, వంద రెట్ల ఆయిల్ లెన్సు కింద ఎర్రకణాలు ఒకే వరుసగా పరచుకున్న చోట పది క్షేత్రాల్లో (లెన్సులో ఒకసారికి కనిపించే మేర ఒక క్షేత్రం) ప్లేట్‌లెట్లు లెక్కపెట్టి, సగటును 15,000తో గుణిస్తే సుమారు సంఖ్య వస్తుంది. క్షేత్రానికి నాలుగు కనిపిస్తే 60,000 దగ్గర ఉన్నట్టు, అప్పుడు మీ మిషన్ అంకె నిజమే; పది పన్నెండు కనిపిస్తే మిషన్ మాట నమ్మనవసరం లేదు. కెవాలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతిలో పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు పెద్దవిగా, తక్కువగా ఉండటం వల్ల ఆరోగ్యంగా తిరిగే కుక్కకు కూడా మిషన్ తక్కువ అంకె చూపడం ఇలాంటిదే, లాబ్రడార్‌కు మాత్రం ఆ సాకు లేదు.

స్మియర్‌లో క్రిమి కూడా దొరకవచ్చు గాని దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఎర్లీకియా తెల్లకణాల లోపల ముత్యాల గుత్తిలా కనిపించే రూపం తొలి దశలో, అది కూడా కొద్ది కుక్కల్లోనే దొరుకుతుంది. గిబ్సోనీ ఎర్రకణాల లోపల ఉంగరంలాగో చుక్కలాగో చాలా చిన్నగా ఉంటుంది. స్లైడు మీద రంగు తునకలు పడి ఉంటే వాటినే క్రిమి అనుకోవడమూ జరుగుతుంది, నిజమైన క్రిమిని వదిలేయడమూ జరుగుతుంది. పెద్ద బబీసియా కోసమైతే కాలి నరంలోంచి తీసిన రక్తం కంటే చెవి అంచున చిన్నగా గుచ్చి తీసిన బొట్టులో దొరికే అవకాశం ఎక్కువ. క్లినిక్‌వారిని మీరు అడగవలసినది ఒకటుంది: శాంపిల్‌ను ట్యూబులో మాత్రమే బయటి ల్యాబుకు పంపకుండా, రక్తం తీసిన వెంటనే రెండు స్లైడ్లు పరచి, గాలికి ఆరబెట్టి, వాటిని కూడా పంపమనండి. చెన్నై ఎండలో కొరియర్ సంచిలో సాయంత్రం దాకా తిరిగిన రక్తంలో కణాలు ఉబ్బి రూపం చెడిపోతాయి. అప్పటికప్పుడు పరచిన స్లైడుకు ఆ బాధ లేదు. ఆ స్లైడ్లను ఫార్మలిన్ సీసా ఉన్న డబ్బాలో కలిపి పెట్టవద్దనండి, ఆ ఆవిరి తగిలితే రంగు సరిగ్గా పట్టదు.

ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు శాంపిల్ తీసే విధానం కూడా మారాలి. మెడ నరం జోలికి పోకుండా కాలి నరంలోంచి తీసి, దూదితో కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. 62,000 దగ్గర కుక్కకు ఊరికే రక్తం కారదు. సాధారణంగా 30,000 కంటే తగ్గినప్పుడే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి కనిపిస్తే రిపోర్టుల కోసం చూడకుండా బయలుదేరండి. జ్వరం తగ్గించడానికి ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వంటివి వేయకండి.

మూత్ర పరీక్షను క్లినిక్‌వారు రాయలేదు, నేను చేర్చాను. ఎర్లీకియా ఎక్కువకాలం ఉన్నప్పుడు మూత్రపిండాల వడపోత పొర దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతుంది, రక్తంలో క్రియాటినిన్ మాత్రం అప్పటికి మామూలుగానే ఉండవచ్చు. మూత్రపిండాల పనితనంలో దాదాపు మూడొంతులు పోయేదాకా క్రియాటినిన్ పెరగదు కాబట్టి, 1.1 చూసి కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయని చెప్పలేం. ఎస్‌డీఎమ్‌ఏ అనే పరీక్ష కొంత ముందుగా పసిగడుతుంది. అది దొరికితే మంచిదే, దొరకకపోయినా మూత్రం చాలావరకు చెబుతుంది. పొద్దున్నే మొదటిసారి పోసినప్పుడు మధ్యధారను శుభ్రమైన డబ్బాలో పట్టి, రెండు గంటల్లోపు ఇవ్వండి. సాంద్రతను స్ట్రిప్పుతో కాక రిఫ్రాక్టోమీటరుతో చూడమనండి, జంతువుల విషయంలో స్ట్రిప్పు మీద ఆ గడి నమ్మదగింది కాదు. స్ట్రిప్పులో ప్రొటీన్ కనిపిస్తే ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించాలి, అది 0.5 దాటి, కొన్ని వారాల తర్వాత కూడా అలాగే ఉంటే అప్పుడు మూత్రపిండాలకు విడిగా వైద్యం అవసరం. పొట్టలోంచి సూదితో మూత్రం తీసే పద్ధతి ప్లేట్‌లెట్లు పెరిగేదాకా వద్దు.

ఏఎల్‌పీ 310 గురించి మీరు చాలా కంగారు పడ్డారు. కుక్కల్లో స్టెరాయిడ్ పడితే కాలేయం ఏఎల్‌పీని ఎక్కువగా తయారుచేస్తుంది, అది కొన్ని వారాలపాటు దిగకుండా ఉండగలదు. మీ రిపోర్టులో ఏఎల్‌టీ అనే మరో కాలేయ ఎంజైమూ, బిలిరుబినూ మామూలుగా ఉన్నాయి కనుక ఈ ఒక్క అంకె కోసం కాలేయానికి టానిక్కులు వాడనవసరం లేదు, స్కానింగ్‌కూ పరుగెత్తనవసరం లేదు. పిల్లిలో ఇదే అంకె వచ్చి ఉంటే నేను ఇంత నింపాదిగా మాట్లాడేవాడిని కాదు. పిల్లి రక్తంలో ఏఎల్‌పీ కొద్ది గంటల్లోనే కరిగిపోతుంది కాబట్టి అక్కడ కొంచెం పెరిగినా పట్టించుకోవాలి.

టీ4 సంగతి. జ్వరంతో ఉన్న కుక్కలో, ఏ పెద్ద జబ్బుతో ఉన్న కుక్కలోనైనా, థైరాయిడ్ గ్రంథి బాగానే ఉన్నా టీ4 పడిపోతుంది. స్టెరాయిడ్ కూడా దాన్ని తగ్గిస్తుంది. మీ కుక్కకు రెండు కారణాలూ ఉన్నాయి. దానికి తోడు, కుక్కల్లో మామూలు టీ4 డెసిలీటరుకు సుమారు 1 నుంచి 4 మైక్రోగ్రాములు, మనుషుల్లో అది సుమారు 5 నుంచి 12. మనుషుల కోసం తయారైన కిట్‌తో, మనుషుల పరిధి పక్కన ముద్రిస్తే ఏ కుక్క రిపోర్టు చూసినా తక్కువ అనే ఉంటుంది. జ్వరం తగ్గి, స్టెరాయిడ్ ఆగి ఆరు వారాలు గడిచాక, అప్పటికీ కుక్క బరువు పెరుగుతూ, బొచ్చు రాలుతూ, సోమరిగా ఉంటేనే టీ4, ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ మూడూ కలిపి చేయించండి.

దీనికి దగ్గరి విషయమే మీరు ప్రస్తావించిన వార్షిక చెకప్ ప్యాకేజీ. ల్యాబు పరిధి అంటే ఆరోగ్యంగా ఉన్న జంతువుల్లో 95 శాతం పడే హద్దు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేస్తే, పూర్తి ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కూడా కనీసం ఒక అంకె హద్దు దాటే అవకాశం 64 శాతం ఉంటుంది. ప్యాకేజీలు దండగ అని నేననను. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కకు ఏడాదికొకసారి చేయిస్తే దాని సొంత మామూలు అంకెలు చేతిలో ఉంటాయి, అవి ఏ పుస్తకంలోని పరిధికన్నా విలువైనవి. కానీ ఎర్ర అక్షరాల్లో వచ్చిన ప్రతి అంకెకూ మందు కావాలని అడగవద్దు.

మనుషుల ల్యాబ్ విషయానికి వస్తే, సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, మాత్రం అక్కడ వద్దు. మిషన్ కణాలను పరిమాణాన్ని బట్టి వేరుచేస్తుంది. కుక్క ఎర్రకణం మనిషిదాని కంటే చిన్నది, పిల్లిది మరీ చిన్నది, పిల్లి ప్లేట్‌లెట్లేమో పెద్దవి. ఆ హద్దులు జంతువులకు సరిచేయని మిషన్‌లో ఎర్రకణమేదో ప్లేట్‌లెట్ ఏదో కలగాపులగమవుతుంది. క్రియాటినిన్, ఏఎల్‌టీ, యూరియా వంటివి రసాయన చర్య మీద నడిచేవి కనుక అంకె చాలావరకు సరిగ్గానే వస్తుంది. పక్కన ముద్రించిన మనుషుల పరిధిని వదిలేసి మీ డాక్టరుగారికి చూపిస్తే చాలు. షుగర్ మాత్రం జాగ్రత్త: ఎర్ర మూత ట్యూబులో గడ్డ మీదే వదిలేసిన రక్తంలో గంట గంటకూ గ్లూకోజు కణాలు తినేసి తగ్గిపోతుంది. రక్తం ఇవ్వడానికి ముందు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు తిండి పెట్టకపోతే సీరం పాలలా తెల్లబడకుండా ఉంటుంది, నీళ్లు మాత్రం పెట్టవచ్చు. ఇప్పుడు అసలే తినడం లేదు కనుక ఈసారికి ఆ నియమం పట్టించుకోనక్కర్లేదు.

ఖర్చు ఇబ్బందిగా ఉంటే వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. 1903లో మొదలైన ఈ కళాశాల ఇప్పుడు తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. స్మియర్ చూడటంలో అక్కడివారి చేయి తిరిగి ఉంటుంది. రద్దీ మాత్రం భరించాలి, పొద్దున్నే వెళ్లండి, పాత రిపోర్టులన్నీ, నిరుటి మందుల చీటీతో సహా, తీసుకువెళ్లండి.

మందు మొదలయ్యాక ఏం చూడాలన్నది మీరు అడగలేదు గాని చెప్పాలి. ఎర్లీకియా ఒక్కటే అయితే ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగి కుక్క తిండి వైపు చూస్తుంది, ప్లేట్‌లెట్లు పెరగడం మొదలవుతుంది. ఏడో రోజు సీబీసీ, స్మియర్ మళ్లీ చేయించండి. ప్లేట్‌లెట్లు పెరగకపోతే, లేక హిమోగ్లోబిన్ ఇంకా పడిపోతే, అప్పుడు పీసీఆర్ రిపోర్టు చేతిలో పెట్టుకుని బబీసియా, శరీరమే తన ప్లేట్‌లెట్లను నాశనం చేసుకునే రోగం, మజ్జ దెబ్బతినడం వీటి గురించి ఆలోచించాలి. స్కానింగ్ అవసరమయ్యేదీ అప్పుడే, ప్లీహం ఎంత పెరిగిందో, అందులో గడ్డలున్నాయో చూడటానికి. కళ్లు పచ్చబడినా క్రియాటినిన్ పెరిగినా లెప్టోస్పైరా పరీక్ష ఆలస్యం చేయకూడదు, ముఖ్యంగా వాన నీళ్లు నిలిచే మీ ప్రాంతంలో, ఎందుకంటే అది మీకు కూడా సోకగల జబ్బు. కుక్క తేరుకున్నా ఇరవై ఎనిమిది రోజుల కోర్సు మధ్యలో ఆపకండి, మాత్రను తిండితోనూ నీళ్లతోనూ వేయండి. కోర్సు ముగిసిన రెండు వారాలకు సీబీసీ, వీలైతే పీసీఆర్ చేయించండి. ఆ రాపిడ్ కిట్‌ను మాత్రం నయమైందో లేదో చూడటానికి మళ్లీ కొనకండి, గీత ఎలాగూ వస్తుంది.

పిల్లికి ఏ లక్షణమూ లేకపోతే ఏ పరీక్షా అక్కర్లేదు. కుక్కల్లో ఈ జబ్బు తెచ్చే ఎర్లీకియా కేనిస్ పిల్లులకు సోకడం అరుదు. పిడుదులు మాత్రం ఇంటి గోడల పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో గుడ్లు పెడతాయి కనుక ఇల్లంతా శుభ్రం చేయించాలి, కుక్కకు నెలనెలా పిడుదుల మందు వాడాలి. ఆ మందు కొనేటప్పుడు డబ్బా మీద పర్మెత్రిన్ అని ఉంటే కొనకండి. అది కుక్కకు ఇబ్బంది చేయదు గాని, కుక్కను ఆనుకుని పడుకున్న పిల్లికి వణుకు, మూర్ఛ తెప్పించి ప్రాణం తీయగలదు.